తల్లికి పాలు పడాలంటే: యానాదుల చరిత్రలో రాయని పుట

మన గురించి బయటివాళ్లు రాసిన పుస్తకాల్లో ఎలుకలు పట్టడం ఉంటుంది, కర్రలు రాపాడించి నిప్పు పుట్టించడం ఉంటుంది. ఎడ్గార్ థర్స్టన్ 1909లో తెచ్చిన ఏడు సంపుటాల్లో చివరిదానిలో యానాదుల మీద చాలా పుటలున్నాయి. చదివినవారికి గుర్తుండిపోయేవి ఇలాంటి సంగతులే. బాలింతకు పాలు ఎలా పడ్డాయి, చాలకపోతే ఏం పెట్టారు, ఆ తిండి ఎక్కడి నుంచి వచ్చింది అనేవి మాత్రం చరిత్ర పాఠంలోకి రావు. బిడ్డలు బతికితేనే కదా జాతి మిగిలింది!

పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోట మన పెద్దల చోటు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసేదాకా అది నెల్లూరు జిల్లాలోనిదే. 1835లో ఆ దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అడవిలోని చిరివేరు, తేనె, మైనం, ముష్టిగింజలు, సుగంధిపాల వేర్లు మనవాళ్లు తెచ్చి ఇస్తే బదులుగా ధాన్యం, బట్ట ఇచ్చేవారు. ఆ లెక్కలన్నీ సర్కారుకు పనికొచ్చే సరుకులవి. ఇంట్లోకి వచ్చిన పీతలు, నత్తలు, గడ్డలు, ఆకులు ఏ లెక్కలోకీ ఎక్కలేదు. బాలింత తిన్నది అవే.

ఈ తీరంలో పాలు పడటానికి ముందుగా చెప్పే పేరు పాలసొర. చిన్న సొరచేపను ఉడకబెట్టి, ఇసుకలా గరగరలాడే తోలు ఒలిచి, కండను పిడిచి పొడిపొడిగా చేస్తారు. పసుపు, వెల్లుల్లి, ఉల్లిపాయ వేసి పొరటు చేస్తారు. పట్టపువాళ్ల ఇళ్లలోనూ మన ఇళ్లలోనూ ఇదే పత్యం. దక్షిణాన తమిళ తీరంలోనూ బాలింతకు ఇదే పెడతారు. సొర దొరకనినాడు ఎండు నెత్తళ్లు, మునగాకు. అడవి దగ్గరున్నవాళ్లు పిల్లిపీచర గడ్డలు తవ్వి తెచ్చేవారు. శతావరి పేరుతో ఇప్పుడు సీసాల్లో అమ్ముతున్నది ఈ గడ్డనే. నానబాలు మొక్కను తుంచితే పాలు కారతాయి కాబట్టి తల్లికీ పాలు పడతాయని నమ్మినవాళ్లున్నారు. అది పోలిక చూసి పుట్టిన నమ్మకం. నేనైతే ఎవరికీ చెప్పను.

వీటిలో ఏది నిజంగా పనిచేస్తుంది? శతావరి మీద పరీక్షలు జరిగాయి, కొన్నింటిలో ఫలితం కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. మునగాకు మీద ఫిలిప్పైన్స్‌లో జరిగిన చిన్న పరీక్షల్లో మేలు కనిపించింది. సొరలో మంచి మాంసకృత్తులున్నాయి, కానీ పెద్ద సొరల ఒంట్లో పాదరసం పేరుకుంటుంది కనుక పాలిచ్చే తల్లి వాటికి దూరంగా ఉండాలని వైద్యులంటారు. నెత్తళ్లలాంటి చిన్న చేపలకు ఆ భయం తక్కువ.

అసలు పాలు పుట్టే తీరు వేరు. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడు నుంచి ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. మొదటిది పాలు తయారు చేయిస్తుంది, రెండోది వాటిని బయటికి దింపుతుంది. రొమ్ము ఖాళీ అయినకొద్దీ కొత్త పాలు ఊరతాయి, నిండుగా ఉండిపోతే ఊరడం మందగిస్తుంది. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగాలి, రాత్రిపూట కూడా. మన అవ్వలకు ఈ హార్మోన్ల పేర్లు తెలియవు. కానీ బిడ్డను చీరచెంగుతో చంకన కట్టుకుని వాగుకు పోయారు, చెట్టుకు ఉయ్యాల వేసి గడ్డలు తవ్వారు, రాత్రి పక్కనే పడుకోబెట్టుకున్నారు. ఏడ్చిన ప్రతిసారీ పాలిచ్చారు. నా లెక్కలో సొరకంటే, పిల్లిపీచరకంటే ఎక్కువ పని చేసింది ఇదే. ముర్రుపాలు పిండి పారబోయడం మాత్రం మన పల్లెల్లోనూ ఉండేది. బిడ్డకు మొదటి రక్షణ పోయేది అక్కడే. పుట్టిన గంటలోపే పట్టించాలి.

ఇంకో సంగతి ఉపాధ్యాయ మిత్రులు పిల్లలకు తప్పక చెప్పాలి. 1950లలో కూనూరు పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ పేద తల్లుల పాల మీద పరిశోధన చేశారు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు వచ్చింది. తిండి చాలని తల్లి కూడా నెలల తరబడి బిడ్డకు దాదాపు సరిపడా పాలివ్వగలదని అప్పుడు తేలింది. ఆ పాలు ఆమె ఒంట్లోంచే పోతాయి, తరిగిపోయేది తల్లి. పాలిచ్చే మొదటి ఆరు నెలలు ఆమెకు రోజూ సుమారు 600 కేలరీలు అదనంగా కావాలని నేటి లెక్క. ‘పాలు లేవు’ అని కోడలిని నిందించే ఇంట్లో ముందు ఆమె కంచంలో ఏముందో చూడాలి.

ఆ కంచం మన చేతిలోంచి ఎలా జారిందో చూద్దాం. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. దీవిలోని చాలా కుటుంబాలు ఇవతలి ఒడ్డుకు వచ్చాయి. వేర్లు, గడ్డలు తవ్వుకునే అడవి కంచె అవతల ఉండిపోయింది. 1990లలో తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. తీరం వెంబడి రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న కఠినమైన తీర్పు ఇచ్చింది, అయినా గుంటలు ఆగలేదు. వాగులో చేపలు పట్టినవాళ్లు గుంటకు కాపలాదారులయ్యారు. చుట్టూ నీళ్లే, అన్నీ ఉప్పువే.

పాలడబ్బా ఇలాంటి చోటికి వచ్చినప్పుడే ప్రాణం మీదికి తెస్తుంది. మంచినీళ్లు కొనుక్కోవాలి, పొడి ఖరీదు, అందుకని పలచగా కలుపుతారు. బిడ్డ సీసాకు అలవాటైతే రొమ్ము పట్టడం తగ్గుతుంది, తల్లికి పాలు నిజంగానే తగ్గుతాయి. డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లోనే సింగపూర్‌లో డబ్బాపాల ప్రచారాన్ని హత్యతో పోల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి 1981లో వచ్చింది, మన దేశంలో డబ్బాపాల ప్రకటనలను నిషేధించే చట్టం 1992లో.

నాలాంటి ప్రభుత్వ టీచరుకు 180 రోజుల ప్రసూతి సెలవుంది. 2017లో సవరించిన చట్టం కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లకు 26 వారాల సెలవిచ్చింది, యాభై మంది పనిచేసేచోట పసిపిల్లల గది పెట్టమంది. రొయ్యల గుంట దగ్గర ఉండేది ఒక్క కుటుంబమే, యాభై లెక్క అక్కడ ఎన్నటికీ తేలదు. గుడిసెలో బిడ్డ పాలకు ఏడ్చే వేళకు తల్లి అవతలి గట్టు మీద మేత చల్లుతూ ఉంటుంది.