మాళెగావ్ సంతలో గుర్రాన్ని చూచి, ఎక్కి, ఎంచుకొనడం

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా, లోహా తాలూకాకు చెందిన మాళెగావ్‌లో ఏటా మార్గశిర మాసం చివర ఖండోబా జాతర జరుగుతుంది. నాసిక్ జిల్లాలోని మాలేగావ్ పట్టణం వేరు, ఈ గ్రామం వేరు. తెలుగువారు మైలారదేవుడనీ, మల్లన్న అనీ కొలిచే దైవమే మరాఠీవారి ఖండోబా. ఆయన వాహనం గుర్రం. అందుకు తగినట్లే ఈ జాతరలో దేవణి, ఎర్ర కంధారి జాతుల ఎడ్లతో పాటు గుర్రాలూ, గాడిదలూ పెద్ద ఎత్తున అమ్మకానికి వస్తాయి. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది చేరువలోని సంత. దక్షిణాన తమిళనాడులోని ఈరోడ్ జిల్లా అందియూరులో ఆడి మాసంలో గురునాథస్వామి ఉత్సవ సమయాన జరిగే గుర్రాల సంత కూడా ఇటువంటిదే. ఇక్కడ చెప్పబోయే విషయాలు రెండింటికీ వర్తిస్తాయి.

సరిహద్దు గ్రామాలవారికి ఎద్దును చూచే కన్ను తరతరాలుగా ఉన్నది. నడుము, మూపురం, పళ్లు చూచి, కాడి కట్టించి రెండు చాళ్లు దున్నించి తెలుసుకొంటారు. గుర్రం విషయంలో ఆ అనుభవం జట్కాబండ్లతోనే చాలామట్టుకు పోయింది. నేడు గుర్రాన్ని కొనేవారు పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చేవారు, మందలతో తిరుగుతూ సామాను మోయించుకొనే గొర్రెల కాపరులు, పిల్లలు ముచ్చటపడగా కొనే మోతుబరి రైతులు. వీరిలో మొదటి రెండు వర్గాలకు అది ఏడాది సంపాదన. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత వేడుకకు పుట్టినది కాదు. పనికిరాని గుర్రాన్ని కొన్న ఇంటికి పెట్టిన వెల పోవడమే గాక, రోజుకింత మేత ఖర్చు కూడా మీదపడుతుంది.

16వ శతాబ్దంలో విజయనగర చరిత్రను వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, సాళువ నరసింహరాయలు ఓడలలో దారిలో చచ్చిన గుర్రాలకు సైతం, తోక తెచ్చి చూపితే వెల చెల్లించేవాడని పేర్కొన్నాడు. అది రాజ్యావసరం. సామాన్యుడు తోక మొదలు డెక్క దాకా స్వయంగా చూడక తప్పదు.

మొదటి చూపు

సంతలో గుర్రాన్ని చూడదగిన వేళ తెల్లవారుజాము. ఎండ ఎక్కేసరికి అమ్మేవారు గుర్రాన్ని తోమి, తిప్పి, ఒళ్లు వేడెక్కించి ఉంచుతారు. కొద్దిపాటి కుంటు ఉన్న గుర్రం కాసేపు నడిచిన తర్వాత సరిగా నడుస్తున్నట్లే కనిపించవచ్చు. ఎవరూ ముట్టకముందు, కట్టుకొయ్య దగ్గర అది ఎట్లా నిలిచి ఉన్నదో దూరం నుండి గమనించాలి. వెనుక కాలు ఒకదానిని సడలించి నిలబడడం సహజమే. ముందు కాలును ముందుకు చాచి, దానిపై బరువు వేయక నిలిచిన గుర్రాన్ని మాత్రం అనుమానించాలి. రెండు ముందు కాళ్లనూ చాచి, బరువంతా వెనుకకు వేసి నిలబడితే డెక్కలలో వాపు ఉన్నదని శంకించవలసి ఉంటుంది.

అదే సమయంలో కట్టుకొయ్యను, మేత తొట్టిని కూడా చూడాలి. కొన్ని గుర్రాలకు కొయ్యను పళ్లతో పట్టి గాలి పీల్చే దురలవాటు ఉంటుంది. వాటి ముందుపళ్ల అంచు అరిగి ఉంటుంది. ఈ అలవాటును దాచేందుకు గొంతు చుట్టూ బిగుతైన పట్టీ కడతారు. అకారణంగా అట్టి పట్టీ కనిపిస్తే విప్పించి చూడాలి. నిలిచినచోటనే అటూ ఇటూ ఎడతెగక ఊగడం మరొక దురలవాటు. ఈ రెండూ ఒకసారి పట్టుబడితే మాన్పించడం కష్టం.

పళ్లు, వయస్సు

గుర్రానికి రెండున్నర ఏళ్ల ప్రాయంలో నడిమి పాలపళ్లు రాలి శాశ్వత దంతాలు వస్తాయి. మూడున్నర ఏళ్లకు వాటి ప్రక్కవి, నాలుగున్నరకు చివరివి మారుతాయి. ఐదేళ్లకు నోరు నిండుతుంది. మగ గుర్రాలకు నాలుగైదేళ్ల నడుమ కోరపళ్లు మొలుస్తాయి. ఆ పైన క్రింది పళ్ల మీది గుంటలు అరగడాన్ని బట్టి లెక్క కడతారు. నడిమి పళ్లలో ఆరేళ్లకు, ప్రక్కవాటిలో ఏడేళ్లకు, చివరివాటిలో ఎనిమిదేళ్లకు గుంటలు దాదాపు పూడిపోతాయి. పదేళ్ల సుమారుకు పై చివరి పంటి మీద, చిగురు దగ్గర నిలువుగా ఒక గాడి తోస్తుంది. పదిహేనేళ్లకు అది సగం పంటి దాకా, ఇరవై ఏళ్లకు పంటి చివరి దాకా దిగుతుంది.

మేతను బట్టి, నేలను బట్టి అరుగుదల మారుతుంది కనుక ఎనిమిదేళ్ల తర్వాత చెప్పేది అంచనా మాత్రమే. పైగా ముసలి గుర్రం పళ్లలో గుంటలు చెక్కి నల్లరంగు పూసే మోసం లోకంలో చాలా పాతది. ముందుకు పొడుచుకొని వచ్చిన పొడవాటి పళ్లు, కంటి పైన లోతైన గుంటలు, కనుబొమల దగ్గర నెరసిన వెండ్రుకలు ఉన్న గుర్రాన్ని ఆరేళ్లదని చెబితే నమ్మరాదు.

సుడులు, రంగులు

శరీరంపై సుడులను బట్టి శుభాశుభాలు చెప్పే శాస్త్రం మనకు ప్రాచీనమైనది. తెలుగులో మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము ఈ విషయంపై వెలసిన పద్యగ్రంథమే. కంఠంపై ఉండే దేవమణి అనే సుడిని నేటికీ సంతలో అడిగి మరీ చూస్తారు. తెల్లని నుక్రా గుర్రానికి పెండ్లివారి వద్ద గిరాకీ ఎక్కువ. సుడి వలన గుర్రం బాగా నడవదు, ఊపిరి నిలుపుకొనదు. అయినా తిరిగి అమ్మవలసి వచ్చినప్పుడు ఎదుటివాడు సుడి అడుగుతాడు గనుక, నమ్మనివారు సైతం దానిని తెలుసుకొని ఉండడం వ్యవహారజ్ఞానం. దేవమణి పేరిట వెల పెంచితే మాత్రం ఆ పెంచిన భాగాన్ని కొనుగోలుదారు తన నమ్మకం మేరకే చెల్లించాలి.

జాతి సంగతి కూడా కొంతవరకు ఇట్టిదే. చెవికొనలు లోపలికి వంగి కలిసే మార్వారి, కాఠియావాడీ గుర్రాలు అందానికి, ఊరేగింపుకు పేరుపడ్డవి. దక్కను పీఠభూమిలో భీమానది పరిసరాలలో పెరిగిన భీమ్‌థడీ తట్టు పొట్టిది, చూపుకు ఆనదు, కాని ఎండకూ, కరకు మేతకూ, బరువుకూ ఓర్చుకొంటుంది. ఇటీవలి సంవత్సరాలలో దీనికి ప్రత్యేక జాతిగా అధికారిక గుర్తింపు కూడా లభించింది. సామాను మోయించుకొనే కాపరి కుటుంబం చూపు కోసం మార్వారిని కొనడం తగని పని.

కాళ్లు, డెక్కలు, నడక

కొనేవారు అన్నింటికంటే ఎక్కువ కాలం వెచ్చించవలసినది ఇక్కడే. నాలుగు కాళ్లనూ పైనుండి క్రిందికి అరచేతితో తడమాలి. ఎడమ కాలినీ, కుడి కాలినీ పోల్చి చూస్తే వాపు, వేడి, గట్టి గడ్డలు తెలుస్తాయి. ఆపై ఒక్కొక్క కాలినీ ఎత్తించాలి. కాలు ఎత్తనివ్వని గుర్రానికి లాడం కొట్టించడమే ప్రతిసారీ యుద్ధమవుతుంది. డెక్క అడుగున త్రికోణాకారంలో ఉండే మెత్తని భాగం ఎండి ముడుచుకొని పోయినా, నల్లని ద్రవంతో దుర్వాసన వేసినా డెక్క ఆరోగ్యంగా లేదు. డెక్క గోడపై అడ్డంగా లోతైన వలయాలు ఉండి, అవి మడమ వైపు వెడల్పుగా విడివడితే పూర్వం డెక్కలలో వాపు వచ్చి ఉండవచ్చును. లాడాలు నాలుగింటిలో ఒకటి మాత్రమే కొత్తదైతే కారణం అడగాలి.

తరువాత గట్టి నేలపై, వదులుగా పట్టిన త్రాటితో, తిన్నగా నడిపించి, పిమ్మట పరుగు నడకలో తెప్పించాలి. త్రాడు బిగించి తల పైకెత్తి పట్టుకొంటే కుంటు కనిపించదు. అందుకే అమ్మేవారు అట్లా పట్టుకొంటారు. ముందు కాలు నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకెత్తి, మంచి కాలు మోపినప్పుడు తల దించుతుంది. వెనుక కాలు నొప్పి అయితే తుంటి భాగం ఒకవైపు ఎక్కువగా లేచి దిగుతుంది. కన్నుతో పాటు చెవి కూడా పని చేయాలి: నాలుగు డెక్కల చప్పుడు సమంగా వినిపించాలి. ఆపై చిన్న వలయంలో రెండు వైపులా తిప్పించాలి. తిన్నని దారిలో దాగిన కుంటు వలయంలో బయటపడుతుంది.

అమరకోశం గుర్రపు గతులను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదుగా చెప్పింది. సంతలో వీటిలో ఒక్కటే, అదీ అమ్మేవారికి అనుకూలమైనదే చూపుతారు. ముఖ్యంగా డప్పుకు నాట్యం చేసే గుర్రాన్ని చూచి జనం మూగుతారు. అట్టి గుర్రం పెదవుల మూలలు, నాలుక తప్పక పరిశీలించాలి. అక్కడ పాత మచ్చలుంటే ముళ్ల కళ్లెంతో అదుపు చేశారని అర్థం. 1965 నాటి భారవాహక పశువుల హింసా నివారణ నిబంధనలు ముళ్ల కళ్లేలను నిషేధించాయి. ఆ కళ్లెం తీసివేసినప్పుడు ఆ గుర్రం మాట వింటుందో లేదో సాధారణ కళ్లెంతో చూచి తెలుసుకొనాలి.

ఎక్కి చూడడం

జీను వేయకముందు నుండీ కొనేవారు అక్కడ ఉండాలి. జీను బిగించేటప్పుడు కరవబోయే గుర్రం వీపునొప్పితో ఉండవచ్చు. ముందుగా అమ్మేవారి మనిషి ఎక్కి నడిపించాలి. తమవాడే ఎక్కడానికి జంకితే ఇక ముందుకు పోనక్కరలేదు. ఆ తర్వాత అనుభవమున్న బంధువో, స్నేహితుడో ఎక్కాలి. ఎక్కేటప్పుడు నిలుస్తుందా, అడగగానే ఆగుతుందా, రెండు వైపులా తిరుగుతుందా, వెనుకకు అడుగు వేస్తుందా చూడాలి. ఇతర గుర్రాలను విడిచి ఒంటరిగా దూరం పోతుందా అన్నది పెద్ద పరీక్ష. గుంపులో గొర్రెపిల్లవలె ఉండి, ఒంటరిగా దారిలో మొండికేసే గుర్రాలు తక్కువేమీ కాదు.

ఆపైన, ఏ పనికి కొంటున్నారో ఆ పని చేయించాలి. పెండ్లి గుర్రమైతే బ్యాండు, డప్పులు, లారీ హారను, దీపాల వెలుగు మధ్య నిలవాలి. రాత్రి పని చేయవలసిన గుర్రాన్ని పగలు మాత్రమే చూచి కొనడం చాలామంది చేసే పొరపాటు. బండికైతే బండి కట్టి, వెనుక చక్రాల చప్పుడుతో నడిపించాలి. మోతకైతే బరువు వేసి నడిపించాలి. పిల్లలున్న ఇంటికైతే అది పిల్లల కదలికకు చెవులు వెనుకకు మడుస్తుందేమో దూరంగా నిలిచి కనిపెట్టాలి. ప్రమాదం లేదని రూఢి అయ్యేవరకు పిల్లలను ఎక్కించరాదు.

పరుగు ముగిసిన వెంటనే ఊపిరి వినాలి. గాలి పీల్చేటప్పుడు గురగుర, ఈల వంటి చప్పుడు రాకూడదు. ఊపిరి వదిలేటప్పుడు డొక్క రెండు విడతలుగా ఎగురుతూ, ప్రక్కటెముకల వెంబడి గీత పడితే ఊపిరితిత్తుల రోగాన్ని శంకించాలి. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి నాడి 28 నుండి 44 వరకు, శ్వాస 8 నుండి 16 వరకు ఉంటాయి. దవడ ఎముక క్రింది అంచున మూడు వేళ్లతో నాడి దొరుకుతుంది. ఓ మోస్తరు పరుగు తర్వాత పావుగంట లోపల శ్వాస దాదాపుగా మామూలు స్థితికి రావాలి.

గుర్రం నచ్చినా ఆ రోజు బయానా ఇవ్వకుండా, మరునాడు చెప్పకుండా వెళ్లి మళ్లీ చూడడం మేలు. మందు పెట్టి శాంతింపజేసిన గుర్రం మరునాటికి తన నిజస్వభావం చూపుతుంది. తోక క్రింద అల్లం, మిరప రాచి హుషారు తెప్పించిన గుర్రం చతికిలబడుతుంది.

ఇంటిల్లిపాదికీ ముప్పు

ముక్కు నుండి చిక్కని పసుపురంగు చీమిడి, చర్మంపై వరుసగా గడ్డలు, పుండ్లు ఉంటే ఆ గుర్రాన్ని ముట్టరాదు. అవి గ్లాండర్స్ వ్యాధి లక్షణాలు కావచ్చు. ఇది గుర్రం నుండి మనుషులకు సోకి ప్రాణం తీయగలదు. భారతదేశంలో ఇది 2006లో తిరిగి తలెత్తి, పలు రాష్ట్రాలలో కనిపించింది. వ్యాధి నిర్ధారణ అయిన పశువును చంపి పూడ్చక తప్పదు. లక్షణాలు బయటపడని గుర్రంలోనూ వ్యాధి దాగి ఉండవచ్చు గనుక రక్తపరీక్ష నివేదిక అడగాలి. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలకు ప్రధాన సంస్థ. నివేదికలో ఉన్న రంగు, లింగం, గుర్తులు ఎదురుగా ఉన్న గుర్రానివేనా అని సరిచూడాలి. వ్యాధి ప్రబలినప్పుడు రాష్ట్రాల మధ్య గుర్రాల రాకపోకలపై ఆంక్షలు విధిస్తారు. సరిహద్దు దాటించవలసిన కుటుంబాలు సంతకు బయలుదేరేముందే తమ మండల పశువైద్యాధికారిని సంప్రదించాలి. బాగా తింటున్నా చిక్కిపోయి, కాళ్లు, పొట్ట క్రిందిభాగం వాచి, జ్వరం వచ్చి పోతూ ఉంటే ఈగలు వ్యాపింపజేసే సర్రా వ్యాధిని అనుమానించాలి.

గుర్రం చూలుతో ఉన్నదంటే పశువైద్యునిచే పరీక్ష చేయించనిదే ఆ మాటకు వెల కట్టరాదు. చూలు కాలం పదకొండు నెలలు. దాటించామన్న తేదీ వ్రాయించుకొనాలి.

బేరం, కాగితం

తువ్వాలు క్రింద వేళ్లు పట్టి బేరమాడే దళారి ఇరువైపులా మాట్లాడతాడు. అతని రుసుము ఎవరిచ్చేదో ముందే తేల్చుకొనాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం సరుకును చూచి కొనే భారం సామాన్యంగా కొనేవారిదే. అమ్మేవారు నోటితో చెప్పిన హామీని తరువాత నిరూపించడం కష్టం. వయస్సు, కుంటు లేదన్న మాట, బండికి అలవాటు ఉన్నదన్న మాట, నుదుటి చుక్క, కాళ్ల తెలుపు, సుడుల స్థానాలు అన్నీ రసీదులో ఉండాలి. మాళెగావ్‌లో ఈ రసీదును పావతీ అంటారు. అది మరాఠీలో ఉంటుంది కనుక మరాఠీ చదవగలిగినవారు ఒకరు వెంట ఉండి, సంతకానికి ముందు బిగ్గరగా చదివి వినిపించాలి.

ఇంటికి తెచ్చిన గుర్రాన్ని మూడు వారాలపాటు ఇతర గుర్రాలకు, గాడిదలకు దూరంగా, వేరు తొట్టితో కట్టివేయాలి. ధనుర్వాతం టీకా వేసినట్లు కాగితం లేకుంటే వేయించాలి. అమ్మినవారి వద్ద అది తింటున్న మేతను రెండు మూడు రోజులకు సరిపడా వెంట తెచ్చుకొని, వారం పది రోజులలో కొద్దికొద్దిగా తమ ఇంటి మేత కలుపుతూ మార్చాలి. వచ్చిన రోజే గంపెడు ఉలవలు పెడితే కడుపునొప్పితో గుర్రం చనిపోవచ్చు.