తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు

రాష్ట్ర ప్రభుత్వంలో ఉద్యోగుల నియామకం, సీనియారిటీ, ప్రమోషన్, బదిలీ, జీతం, క్రమశిక్షణ, పదవీ విరమణ వంటి విషయాల పాలనను సర్వీసు వ్యవహారాలు అంటారు. ఉద్యోగ సంఘాలతో చర్చలు, సమ్మెల పరిష్కారం కూడా ఇందులోకే వస్తాయి. ప్రైవేటు కంపెనీలో యజమానిని, ఉద్యోగిని కలిపేది ఒప్పందం. ప్రభుత్వంలో ఆ పని రాజ్యాంగం 309వ అధికరణం కింద తయారైన నిబంధనలు చేస్తాయి. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు (జీవో) మారితే లక్షల కుటుంబాల లెక్కలు మారిపోతాయి. అందుకే ఈ బాధ్యతలో ఉన్న అధికారికి నిబంధన మీద ఎంత పట్టు ఉండాలో, దాని ఫలితం అనుభవించే మనిషి పట్ల అంత పట్టింపూ ఉండాలి.

హైదరాబాద్ తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో ఈ వ్యవస్థ మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా కనిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వీధుల్లో గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు శిక్షణ ఇచ్చే కోచింగ్ సెంటర్లున్నాయి. పీ అండ్ టీ కాలనీ, వనస్థలిపురం ఎన్జీవోస్ కాలనీ, సచివాలయనగర్ వంటి పేర్లను బట్టే అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఎవరో తెలుస్తుంది. ఆర్టీసీ డిపో దిల్‌సుఖ్‌నగర్‌లో, రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీనగర్‌లో ఉన్నాయి.

బాధ్యతల పంపకం

సర్వీసు వ్యవహారాలన్నీ ఒకే శాఖ చేతిలో లేవు. సాధారణ పరిపాలన శాఖలోని సర్వీసుల విభాగం నిబంధనలను రూపొందించి, వాటికి అర్థం చెబుతుంది. ఈ శాఖ మామూలుగా ముఖ్యమంత్రి వద్దే ఉంటుంది. పోస్టుల మంజూరు, జీతభత్యాలు, పెన్షన్ విషయాలను ఆర్థిక శాఖలోని మానవ వనరుల నిర్వహణ విభాగం చూస్తుంది. నియామక పత్రం మీద సంతకం, ప్రమోషన్ ప్యానెల్, చార్జి మెమో వంటివి ఆయా శాఖాధిపతులు, జిల్లా అధికారుల పని. వీటన్నిటికీ పైన ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఉంటారు. ఉద్యోగ సంఘాల ప్రతినిధులు ప్రభుత్వంతో కూర్చునే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్‌కు రాష్ట్ర స్థాయిలో ఆయన, జిల్లాలో కలెక్టర్ అధ్యక్షత వహిస్తారు.

విధానాలు సచివాలయంలో తయారైనా, ఉద్యోగి బతుకు మాత్రం తన ఆఫీసులోని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌తోనే ముడిపడి ఉంటుంది. అక్కడ ప్రతి ఉద్యోగికీ ఎస్ఆర్ అని పిలిచే సర్వీసు రిజిస్టర్ ఒకటి ఉంటుంది. మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు, వేలిముద్రలు ఉంటాయి. ఆ తర్వాతి పేజీల్లో ఏటా వచ్చే ఇంక్రిమెంటు, వాడుకున్న సెలవు, బదిలీ, ప్రమోషన్, శిక్ష అన్నీ వరుసగా ఎక్కుతాయి. నమోదు కింద ఆఫీసు అధిపతి సంతకం ఉండాలి. ఎక్కడో ఒక చోట ఆ సంతకం లేకపోతే ముప్పై ఏళ్ల తర్వాత పెన్షన్ కాగితాలు అక్కడే ఆగిపోతాయి. పదవీ విరమణకు దగ్గర పడిన ఉద్యోగి పాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చిందంటే, చాలాసార్లు అందుకు కారణం సకాలంలో పూర్తి చేయని ఎస్ఆర్‌లే.

స్థానికత

తెలంగాణలో సర్వీసు వ్యవహారాలకు కేంద్రబిందువు స్థానికత. నిజాం కాలంలో 1919 నాటి ముల్కీ నిబంధనలు ఉద్యోగాలను స్థానికులకు పరిమితం చేశాయి. 1952లో ముల్కీ ఉద్యమం వచ్చింది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాల రక్షణ ఒక ముఖ్యాంశం. ఆ రక్షణలు అమలు కావడం లేదన్న ఆవేదన నుంచే 1969 తెలంగాణ ఉద్యమం పుట్టింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. రెండు వైపుల ఆందోళనల తర్వాత 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి.

ఆ ఉత్తర్వులు ఉమ్మడి రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించాయి. జిల్లా పోస్టుల్లో 80 శాతం, జోనల్ నాన్ గెజిటెడ్ పోస్టుల్లో 70 శాతం, నిర్దేశించిన గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకు దక్కాలని చెప్పాయి. ఉల్లంఘనలు జరిగాయని గుర్తించిన ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చింది. స్థానికేతరులను వారి సొంత జోన్లకు పంపాలని ఆ జీవో చెప్పింది. అది ఏళ్ల తరబడి పూర్తిగా అమలుకు నోచుకోలేదు. దాంతో ఉల్లంఘనలను పరిశీలించేందుకు 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది.

2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు తీర్పు మరో మలుపు. రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని 14(ఎఫ్) పేరా ఆధారంగా పోలీసు నియామకాల్లో హైదరాబాద్‌ను ఫ్రీ జోన్‌గా, అంటే స్థానిక రిజర్వేషన్ వర్తించని ప్రాంతంగా, చూడాలని ఆ తీర్పు చెప్పింది. తెలంగాణ ఉద్యోగులు, విద్యార్థులు భగ్గుమన్నారు. నవంబరు 29న నిరాహార దీక్షకు బయల్దేరిన కె.చంద్రశేఖరరావును పోలీసులు అరెస్టు చేశారు. అదే రోజు ఎల్బీనగర్ కూడలిలో కాసోజు శ్రీకాంతాచారి ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబరు 3న కన్నుమూశారు. ఆ కూడలిలో ఆయన విగ్రహం ఉంది. ఉద్యోగ నిబంధనల్లోని ఒక చిన్న పేరా మీద మొదలైన వివాదం రాష్ట్ర సాధన ఉద్యమంలో కలిసిపోయిన తీరుకు అది గుర్తు.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక రాష్ట్ర కేడర్ ఉద్యోగులను పంచేందుకు సి.ఆర్.కమలనాథన్ అధ్యక్షతన సలహా కమిటీ పనిచేసింది. తర్వాత 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో తెలంగాణలో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఏర్పడ్డాయి. ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం స్థానికులకు కేటాయించారు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అభ్యర్థి అక్కడ స్థానికుడవుతాడు. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలు చార్మినార్ జోన్‌లో ఉన్నాయి.

కొత్త జిల్లాలు, జోన్లకు పాత ఉద్యోగులను సర్దేందుకు 2021 డిసెంబరు 6న 317 జీవో వచ్చింది. కేటాయింపు సీనియారిటీ ప్రకారం జరగడంతో చాలామంది జూనియర్లు, ముఖ్యంగా ఉపాధ్యాయులు, సొంత జిల్లా వదిలి వెళ్లాల్సి వచ్చింది. భార్యాభర్తలు వేర్వేరు జిల్లాల్లో పడిన స్పౌజ్ కేసులు పెద్ద సమస్యగా మారాయి. 2024లో ప్రభుత్వం మంత్రి దామోదర రాజనర్సింహ నాయకత్వాన మంత్రివర్గ ఉపసంఘం వేసి ఈ ఫిర్యాదులను పరిశీలించింది. కేటాయింపుకు ముందే సీనియారిటీ జాబితా ప్రకటించి, అభ్యంతరాలకు తగినంత గడువు ఇవ్వడం ఎంత అవసరమో ఈ అనుభవం చెబుతుంది.

నియామకాలు

గ్రూప్స్ ఉద్యోగాల ఎంపికను 2014లో ఏర్పడిన రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేస్తుంది. ఉపాధ్యాయులను డీఎస్సీ ద్వారా, కానిస్టేబుళ్లను, ఎస్సైలను పోలీసు నియామక మండలి ద్వారా ఎంపిక చేస్తారు. ఖాళీని శాఖ గుర్తించాలి. ఆర్థిక శాఖ అనుమతించాలి. రిజర్వేషన్ రోస్టర్ పాయింట్లు ఖరారు కావాలి. ఆ తర్వాతే నోటిఫికేషన్. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ఏళ్లు గడిచిపోతాయి.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే అభ్యర్థులకు ఈ ఆలస్యం అంటే వయోపరిమితి దగ్గర పడటం, నెల నెలా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడం. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి గ్రూప్-1 ప్రిలిమ్స్ సహా పలు పరీక్షలు రద్దయ్యాయి. 2024 ఆగస్టులో జరగాల్సిన గ్రూప్-2 పరీక్ష అభ్యర్థుల ఆందోళనల తర్వాత డిసెంబరుకు వాయిదా పడింది. ప్రభుత్వంపై ఉద్యోగికి నమ్మకం కుదరడం, చెదరడం కూడా అతడు ఇంకా ఉద్యోగంలో చేరక ముందే మొదలవుతాయి.

సీనియారిటీ, ప్రమోషన్, క్రమశిక్షణ

రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలు 1996 నాటివి. రాష్ట్రం వచ్చాక తెలంగాణ వీటిని తనకు అన్వయించుకుంది. ప్రమోషన్ ప్యానెల్‌కు ఏడాది అంటే సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు. శాఖాపరమైన పదోన్నతుల కమిటీ అర్హులను పరిశీలించి ప్యానెల్ తయారు చేస్తుంది. సంస్థలు కలిసినప్పుడు సీనియారిటీ చిక్కుముడి అవుతుంది. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 మున్సిపాలిటీలు హైదరాబాద్ నగరపాలక సంస్థతో కలిసి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడింది. ఇలాంటి విలీనంలో వేర్వేరు జాబితాల్లోని సిబ్బందిని ఒకే వరుసలోకి తేవాలి. ఎవరి ముందు ఎవరు అన్నది తేలితేనే ప్రమోషన్లు కదులుతాయి.

ఉద్యోగుల నడవడికి 1964 ప్రవర్తన నియమావళి, శిక్షలకు 1991 సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నిబంధనలు ఆధారం. పెద్ద శిక్ష వేయాలంటే అభియోగాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. విచారణాధికారిని నియమించాలి. ఉద్యోగి వాదన వినాలి. రాజ్యాంగం 311వ అధికరణం ఇచ్చిన రక్షణ ఇది. విచారణ ఏళ్లకేళ్లు సాగితే తప్పు చేయని ఉద్యోగి ప్రమోషన్ పోగొట్టుకుంటాడు, తప్పు చేసినవాడు శిక్ష పడకుండానే రిటైరవుతాడు. కాబట్టి గడువులోగా విచారణ ముగించడం ఇరుపక్షాలకూ న్యాయమే.

జీతం, పదవీ విరమణ

జీతాలను వేతన సవరణ సంఘం, అంటే పీఆర్సీ, సిఫార్సుల మేరకు సవరిస్తారు. 2015లో తెలంగాణ ప్రభుత్వం 43 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చింది. ఆ తర్వాత కొత్త రాష్ట్రం వేసిన తొలి పీఆర్సీకి సి.ఆర్.బిశ్వాల్ అధ్యక్షులు. ఆ సంఘం 7.5 శాతం సిఫార్సు చేస్తే ఉద్యోగ సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. చర్చల తర్వాత 2021 మార్చిలో ముఖ్యమంత్రి 30 శాతం ప్రకటించారు. కనీస మూల వేతనం రూ.19,000 అయింది. 2023 అక్టోబరులో ఎన్.శివశంకర్ అధ్యక్షతన రెండో పీఆర్సీని వేసి, 5 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు.

పదవీ విరమణ వయసు చరిత్ర కూడా గమనించదగింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని 58 నుంచి 55కు తగ్గించింది. ఉద్యోగుల నిరసనలు, కోర్టు కేసుల నడుమ తిరిగి 58 అయింది. తెలంగాణ 2021లో 61కి పెంచింది. పెంపు వల్ల పనిచేస్తున్నవారికి మేలు జరిగినా, కోచింగ్ సెంటర్లలో ఉన్న నిరుద్యోగులకు ఖాళీలు ఆలస్యమయ్యాయి. 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరినవారికి పాత పెన్షన్ లేదు. వారికి కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్) వర్తిస్తుంది. దాన్ని రద్దు చేయాలన్నది సంఘాల ప్రధాన డిమాండ్లలో ఒకటి.

సంఘాలు, సమ్మెలు

నాన్ గెజిటెడ్ ఉద్యోగుల టీఎన్జీవో, గెజిటెడ్ అధికారుల సంఘం, ఉపాధ్యాయ సంఘాలు, సచివాలయ సంఘం ప్రధానమైనవి. ప్రవర్తన నియమావళి సమ్మెను అనుమతించదు. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా ప్రత్యేక రాష్ట్రం కోసం 2011 సెప్టెంబరు 13 నుంచి అక్టోబరు 24 వరకు 42 రోజులు సకల జనుల సమ్మె సాగింది. కోదండరామ్ నాయకత్వంలోని ఐక్య కార్యాచరణ సమితి (జేఏసీ) పిలుపుతో, టీఎన్జీవో నేత స్వామిగౌడ్ వంటివారు ముందు నిలవగా, ఉద్యోగులు జీతం వదులుకుని విధులకు దూరంగా ఉన్నారు. స్వామిగౌడ్ రాష్ట్రం వచ్చాక శాసనమండలి చైర్మన్ అయ్యారు.

ఆర్టీసీ కార్మికుల దారి వేరు. కార్పొరేషన్ ఉద్యోగులకు పారిశ్రామిక వివాదాల చట్టం వర్తించేది. సమ్మెకు ముందు నోటీసు ఇవ్వాలి, కార్మిక శాఖ రాజీ ప్రయత్నం చేయాలి. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న ప్రధాన డిమాండ్‌తో 2019 అక్టోబరు 5న సుమారు 48,000 మంది సమ్మెకు దిగారు. దిల్‌సుఖ్‌నగర్ సహా డిపోల ముందు కార్మికులు ధర్నాలు చేస్తుంటే, తాత్కాలిక సిబ్బందితో కొన్ని బస్సులు నడిపారు. విధుల్లో చేరనివారు తమను తామే తొలగించుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. వివాదం హైకోర్టుకు వెళ్లింది. కోర్టు దాన్ని కార్మిక శాఖ కమిషనర్‌కు పంపింది. నవంబరు 25న ఆర్టీసీ కార్మిక సంఘాల జేఏసీ సమ్మె విరమించగా, కొద్ది రోజుల తర్వాత ప్రభుత్వం అందరినీ విధుల్లోకి తీసుకుంది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచే ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో విలీన బిల్లును 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదించింది. దాని పరిధిలోకి 43,373 మంది వచ్చారు. చర్చల బల్ల మీద తేలాల్సిన విషయం వీధికెక్కితే ఉద్యోగి జీతం, ప్రయాణికుడి బస్సు, ప్రభుత్వ మర్యాద మూడూ దెబ్బతింటాయి.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది

నిబంధనల రక్షణ అంతగా లేనివారు వీరు. దొడ్డిదారి నియామకాలను క్రమబద్ధీకరించరాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ ప్రభుత్వ నియామకాల నియంత్రణకు సంబంధించిన 1994 చట్టాన్ని సవరించి, 2016లో 16వ నంబరు జీవో ఇచ్చి, 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. ఆ సవరణను 2024 నవంబరులో హైకోర్టు కొట్టివేసినా, అప్పటికే క్రమబద్ధమైన వారిని కదిలించలేదు. ఔట్‌సోర్సింగ్ వారికి జీతం ఏజెన్సీ ద్వారా అందుతుంది. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ రోడ్లను తెల్లవారకముందే ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు ఈ వర్గమే. 2015 జులైలో జీహెచ్‌ఎంసీ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశాక వారి నెల వేతనం రూ.8,500 నుంచి రూ.12,500కు పెరిగింది.

ఫిర్యాదులు, న్యాయం

371-డి కింద ఉమ్మడి రాష్ట్రంలో పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పడింది. సర్వీసు కేసులు అక్కడే తేలేవి. తెలంగాణకు దాని పరిధి 2016లో ముగిసింది. ఆ కేసులన్నీ హైకోర్టుకు చేరాయి. ఉద్యోగి ముందుగా తన శాఖలో అర్జీ పెట్టుకోవాలి, అప్పీలు ఉంటే చేసుకోవాలి, ఆ తర్వాత కోర్టుకు వెళ్లాలి. అర్జీకి కారణాలతో కూడిన జవాబు సకాలంలో వస్తే చాలా వివాదాలు ఆఫీసులోనే ముగుస్తాయి. సీనియారిటీ జాబితా ఏటా ప్రకటించడం, ఖాళీల లెక్క తాజాగా ఉంచడం, జాయింట్ స్టాఫ్ కౌన్సిల్‌ను క్రమం తప్పకుండా జరపడం, ఎస్ఆర్‌లను ఎప్పటికప్పుడు పూర్తి చేయడం ఈ వ్యవహారాలను నడిపేవారి ప్రాథమిక విధులు. ఇవి సరిగా జరిగిన శాఖలో కోర్టు కేసులు తగ్గుతాయి, ప్రమోషన్లు వేళకు వస్తాయి, రిటైరైన ఉద్యోగికి పెన్షన్ ఆలస్యం కాకుండా అందుతుంది.