పూతలో కొత్త చుట్టం

గుంటూరు కారం పడని ఊరగాయ మనకు ఊరగాయే కాదు. కానీ ఆ కారం మన జాడీలోకి రాకముందే ఎవరెవరి నోట పడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

2021 చలికాలంలో ప్రత్తిపాడు వైపు మా పెద్దమ్మ కౌలుకు చేస్తున్న మిరపచేలోకి వెళ్ళాను. మొక్కలు నడుమెత్తు ఉన్నాయి గానీ కాయ లేదు. ఆవిడ ఒక పువ్వు తుంచి నా అరచేతిలో దులిపింది. నువ్వుగింజలో సగమైనా లేని నల్లటి నలుసులు గబగబా పరుగెత్తాయి.

"తామరపురుగేనమ్మాయ్! కానీ మనమెరిగింది కాదు. అది లేతాకుని పైకి ముడిచేది. ఇది ఏకంగా పూతలోనే కూర్చుంది" అంది.

పెద్దమ్మ బడికి పోలేదు. అయినా శాస్త్రజ్ఞులు చేసే పనే చేసింది, ఏది ఏదో వేరు చేసి చూసింది.

తామరపురుగుల్ని ఇంగ్లీషులో త్రిప్స్ అంటారు. ఒకటైనా లక్షైనా త్రిప్సే. 1758లో లినేయస్ పెట్టిన ఈ పేరుకి గ్రీకులో కర్ర తొలిచే పురుగని అర్థం. పాపం, ఇది కర్రను తొలవదు! మన పాత పసుపుపచ్చ పురుగుకి, కోయంబత్తూరు నమూనాలు చూసి, 1919లో హుడ్ అనే అమెరికా ఆయన సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ అని పేరు పెట్టాడు. కొత్తదానికీ పేరు ఎప్పుడో ఉంది. థాయ్‌లాండ్‌లో దొరికిన దాన్ని కార్నీ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1922లో పార్విస్పైనస్ అన్నాడు. అంటే చిన్న ముళ్ళది. మన దేశంలో బెంగళూరు బొప్పాయి మీద ఇది ఉన్నట్టు 2015లో బయటపడింది. ఆరేళ్ళకి మన మిరపపూతలో కాపురం పెట్టింది.

అలాగని ఈ వంశమంతా దుర్మార్గులనుకునేరు! మద్రాసు లయోలా కాలేజీలో పనిచేసిన అనంతకృష్ణన్ గారు జీవితమంతా వీటి వెంటే తిరిగారు. చెట్లకింద రాలిన ఆకుల్లో ఉండే రకాలు చాలావరకు బూజు తిని బతుకుతాయి. పచ్చాకు జోలికి రావు.

మన శత్రువుకీ ఆ నేలతో పనుంది. పిల్లపురుగు ఎదిగాక మొక్క దిగి, మట్టిలోనో రాలిన ఆకుల్లోనో తిండి మానేసి పడుకుంటుంది. రెక్కలొచ్చాక మళ్ళీ పైకొస్తుంది. మనం పైన మందు కొడుతుంటే అది కింద హాయిగా నిద్రపోతోందన్నమాట! పైగా ఆ మందులకి, దాన్ని తినే మంచి పురుగులు ముందు చచ్చిపోతాయి.

ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతోమంది తోటలు పీకేశారు. పెద్దమ్మా పీకేసింది. తోట పీకితే కౌలు బాకీ పోదుగా! 1922లో పుట్టిన పేరు ఆవిడ చెవిన పడేసరికి చేలో మొక్క లేదు. ఆ కబురు పురుగు కంటే ఒక్క నెల ముందు చేరి ఉంటే ఎంత బాగుండేదో!

మరుసటి ఏడు చేలో నీలిరంగు జిగురట్టలు కడుతూ అడిగింది, "దాని పేరేంటన్నావే?"

"పార్విస్పైనస్, పెద్దమ్మా."

"పార్వతమ్మ పేరులా ఉందే! ఆ పాడుపురుక్కి అంత మంచి పేరెందుకే?"