మూడు కచేరీలు, ఒకే పొలం

బాగేపల్లి దగ్గర ఒక రైతు ఎకరం పొలం కొన్నాడనుకుందాం. పత్రం రిజిస్టరు అయితే హక్కు వచ్చినట్టే అంటుంది చట్టం. కాని బ్యాంకులో అప్పుకు పోయినా, పంట నష్టానికి పరిహారం అడగబోయినా వాళ్లు చూసేది పహణి. అందులో ఇంకా అమ్మినవాని పేరే ఉంటే? మన జిల్లాలో ఎన్నో తగవులు ఇక్కడే పుట్టాయి. ఆ కథ ఈ రోజు చెప్పుకుందాం.

పూర్వం మైసూరు సీమలో ఊరి లెక్కలన్నీ శానుభోగుల చేతిలో ఉండేవి. వంశపారంపర్యంగా వచ్చే ఆ ఉద్యోగాలను 1961 నాటి చట్టం రద్దు చేసింది. తరువాత గ్రామ లెక్కిగులు వచ్చారు. 1964లో భూ కందాయ చట్టం వచ్చింది. పహణి రెవెన్యూ శాఖ చేతిలో ఉండిపోయింది. పత్రాల నమోదు మాత్రం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద వేరే శాఖ పని. గట్లు కొలిచేది మూడో శాఖ, సర్వే. పొలం ఒకటే, కచేరీలు మూడు. ఒకరు పత్రం చూస్తారు, ఒకరు పేరు చూస్తారు, ఒకరు హద్దు చూస్తారు.

సబ్ రిజిస్ట్రార్ కచేరి నుంచి తాలూకా కచేరికి సమాచారం 'జె స్లిప్' అనే కాగితం మీద పోయేది. ఆ కాగితం ఆలస్యమైతే అంతా ఆలస్యమే. అది చేరిన తరువాత కూడా నోటీసు ఇచ్చి, తకరారు చెప్పుకోవడానికి 30 రోజుల గడువు ఉంచేవారు. ఈ సందులో పాత యజమాని అదే పహణి చూపి అప్పు తేగలడు, ఇంకొకరికి అమ్మనూగలడు. కొన్నవాడు మాత్రం చెప్పులరిగేలా తిరగాలి.

2000 సంవత్సరం ప్రాంతంలో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను కంప్యూటరు కెక్కించింది. 15 రూపాయలు కడితే పహణి చేతికొచ్చేది. చేతిరాత పహణి చెల్లదన్నారు. ఖాతా మార్పు అర్జీలను వచ్చిన వరుసలోనే చూడాలన్నారు. ఆ తరువాత 2003 ప్రాంతంలో రిజిస్ట్రేషన్ శాఖకు 'కావేరి' వచ్చింది. అయితే ఏ కంప్యూటరు లోకం దానిదే. ఒకే ఊరిలో ఉన్నా ఒకదాని మాట ఇంకొకదానికి తెలియదు.

వాటిని కలపడానికి ఏం కావాలి? రెండింటికీ అర్థమయ్యే ఒక గుర్తు కావాలి. ఊరి సంఖ్య, సర్వే నెంబరు, హిస్సా నెంబరు ఆ గుర్తు అయ్యాయి. దశలవారీగా కలిపిన తరువాత, సబ్ రిజిస్ట్రార్ ఎదుటి తెర మీదనే పహణిదారు ఎవరో కనబడుతుంది. అమ్మేవాడు వేరైతే పని అక్కడే ఆగుతుంది. రిజిస్టరు కాగానే కబురు 'భూమి'కి తానే చేరి, ఖాతా మార్పు మొదలవుతుంది. కొన్నవాడు వేరే అర్జీ పెట్టనక్కరలేదు. సర్వే నెంబరులో కొంత భాగమే అమ్మితే 11-ఇ నక్షా ముందే ఉండాలి. ఆ విధంగా సర్వే శాఖ కూడా ఈ గొలుసులో చేరింది.

అయితే యంత్రానికి అక్షరమే ప్రమాణం. మన ఊళ్లలో వెంకటరమణప్ప అన్నా, వెంకటరవణప్ప అన్నా ఒకే మనిషి. తెలుగులో పిలిచిన పేరును కన్నడలో ఒక కచేరి ఒక తీరుగా, ఇంకొక కచేరి ఇంకొక తీరుగా రాస్తే యంత్రానికి వాళ్లు ఇద్దరు. పాత పుస్తకంలోని తప్పు కంప్యూటరులో ఒప్పు కాదు. పైగా అది మరింత వేగంగా పాకుతుంది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న వచ్చిన 'ధరణి' రిజిస్ట్రేషనునూ ఖాతా మార్పునూ ఒకే చోట, ఒకే రోజు జరిపింది. కాని పాత తప్పులు దిద్దించుకోవడానికి రైతులు నానా అవస్థలు పడ్డారు. 2025లో దాని స్థానంలో 'భూభారతి' వచ్చింది.

ఇంకొక సంగతి ముఖ్యం. అమ్మకానికి పత్రం ఉంటుంది, చావుకు పత్రం రిజిస్టరు కాదు. తండ్రి కాలం చేసిన కబురు ఆ గొలుసు గుండా తనంతట తాను పహణికి చేరదు. పౌతి ఖాతాకు వారసులే అర్జీ పెట్టుకోవాలి. తాత పేరుతోనే ఉన్న పహణి మూడు తరాల తరువాత అన్నదమ్ముల మధ్య గోడ అవుతుంది.

కాబట్టి ఒక పని చేయండి. మీ పహణి తెచ్చుకొని 9వ కలములో పేరు, 11వ కలములో అప్పు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయా చూడండి. అప్పు తీర్చి ఉంటే ఆ నమోదు తీసేశారా చూడండి. కన్నడం చదవడం రాని పెద్దలకు ఇంట్లో బడికి పోయే పిల్లలు చదివి వినిపించవచ్చు. కచేరీలను కలిపే పని ప్రభుత్వం చేసింది. అందులో మన పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవలసింది మనమే.