నడక వేగం – కథాకాలం: ఫాంటసీ పాత్రధారణ ఆటలలో గమనచరిత్ర (1974–2024)

వ్యాససంగ్రహం:
ఫాంటసీ వీడియో ఆటలలో పాత్రల నడక ఏటికేడు సహజత్వాన్ని సంతరించుకుంటూ వచ్చిందన్నది తరచుగా వినిపించే అభిప్రాయం. కాళ్లూ చేతుల కదలిక వరకు అది నిజమే. కానీ ప్రయాణపు నిడివిని, అలసటను, దూరాన్ని లెక్కలోకి తీసుకుంటే చరిత్ర మరోలా కనిపిస్తుంది. 1981 నాటి కాగితపు నియమావళి మూడు వేర్వేరు వేగాలుగా విడదీసి చూపినదాన్ని, తరువాతి కంప్యూటర్ ఆటలు ఒకే వేగంలో ఇమిడ్చాయి. సహజత్వంపై నేటికీ సాగుతున్న వాదాలకు మూలం ఇక్కడే ఉందని, ఈ క్రమంలో దారి చెప్పే భాష కూడా ఆటల నుండి జారిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాత్రధారణ ఆటలు, గమనవేగం, కథాకాలం, కథనకాలం, మారోవిండ్, డంజన్స్ అండ్ డ్రాగన్స్.

1. ఉపోద్ఘాతం

కథాకాలం, కథనకాలం అన్న విభజన సాహిత్య విద్యార్థులకు కొత్త కాదు. పదేళ్ల కాలాన్ని ఒక వాక్యంలో దాటించవచ్చు. ఒక్క క్షణాన్ని పది పుటలు నడపవచ్చు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు'లో మణిసిద్ధుడు, అతని వెంట నడిచే గోపకుమారుడు రోజంతా ఎంత దూరం నడిచారన్నది కథకు ముఖ్యం కాదు. మజిలీలో దిగిన తరువాతనే కథ మొదలవుతుంది. 1830–31లో కాశీకి వెళ్లివచ్చిన ఏనుగుల వీరాస్వామి యాత్రాచరిత్రలో ఇందుకు భిన్నంగా దారే వస్తువు. ఇద్దరూ కాశీయాత్రనే చెప్పినా, దూరాన్ని ఒకరు దాటవేశారు, మరొకరు నమోదు చేశారు. ఈ ఎంపిక రచయితది. పాఠకుడు దానిని అనుసరిస్తాడు.

పాత్రధారణ ఆటలో ఈ సౌకర్యం లేదు. ఇక్కడ ఆడే వ్యక్తి ఒక పాత్రను తనదిగా స్వీకరించి, దానిని తానే నడిపిస్తాడు. నడక వాక్యంలో లేదు, అతని వేళ్ల కింద ఉంది. కనుక ఒక పాత్ర అడుగు వేసినప్పుడు మూడు కాలాలు ఏకకాలంలో కదులుతాయి. శరీరం ఒక అడుగు వేయడానికి పట్టే కాలం మొదటిది. దీనిని దేహకాలం అందాం. ఆ కల్పితలోకంలో సూర్యుడు ఉదయించి అస్తమించే కాలం రెండవది, లోకకాలం. మీట నొక్కిన వ్యక్తి ఎదురుచూడవలసిన కాలం మూడవది, హస్తకాలం. "ఈ ఆటలో నడక సహజంగా లేదు" అన్న ఫిర్యాదు వినిపించినప్పుడు ఈ మూడింటిలో దేని గురించి అన్నది చాలాసార్లు స్పష్టంగా ఉండదు.

2. కాగితంపై మూడు వేగాలు

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వెలువడింది. దీనికి ముందు గైగాక్స్, జెఫ్ పెరెన్ రూపొందించిన 'చెయిన్‌మెయిల్' (1971) బల్లపై చిన్న బొమ్మలతో ఆడే యుద్ధక్రీడ. అందుచేత తొలినాళ్లలో పాత్రల గమనాన్ని అంగుళాలలో చెప్పేవారు. బల్లపై కొలబద్ద పెట్టి బొమ్మను జరపడమే నడక. 1978 నాటి 'అడ్వాన్స్‌డ్' నియమగ్రంథంలో కూడా ఈ అంగుళాల పద్ధతి మిగిలే ఉంది. గుహలలో అంగుళానికి 10 అడుగులు, ఆరుబయట 10 గజాలు.

1981లో వచ్చిన 'బేసిక్', 'ఎక్స్‌పర్ట్' నియమావళులు ఈ విషయాన్ని తేటపరిచాయి. బరువు లేని మనిషి భూగర్భంలో చీకటి దారులను శోధిస్తూ 10 నిమిషాలకు 120 అడుగులు నడుస్తాడు. అంటే నిమిషానికి 12 అడుగులు. పాకే పిల్లవాడు కూడా ఇంతకంటే వేగంగా వెళ్తాడు. అయితే అతడు ఊరికే నడవడం లేదు. గోడలు తడుముతున్నాడు, నేలను పరీక్షిస్తున్నాడు, పటం గీస్తున్నాడు. శత్రువు ఎదురైన మరుక్షణం లెక్క మారుతుంది. అప్పుడు 10 సెకన్లకు 40 అడుగులు, అంటే గంటకు సుమారు 4.4 కిలోమీటర్లు, మనం వీధిలో నడిచే వేగానికి దగ్గరగానే ఉంది. పరుగెత్తితే దానికి మూడు రెట్లు. ఇక ఊరి నుండి ఊరికి వెళ్లేటప్పుడు రోజుకు 24 మైళ్లు. ఒకే మనిషి, ఒకే కాళ్లు, సందర్భాన్ని బట్టి వేర్వేరు వేగాలు.

ఇందులో బరువు లెక్క మరీ ఆసక్తికరం. దానిని నాణేలలో కొలిచారు, పది నాణేలు ఒక పౌను. 400 నాణేల వరకు మోస్తే వేగం తగ్గదు. ఆపైన 90 అడుగులకు, 60కి, చివరికి 30కి పడిపోతుంది. 1,600 నాణేలు దాటితే కదలనే లేడు. నిధి కోసం వెళ్లినవాడిని ఆ నిధే నెమ్మదింపజేస్తుంది. ప్రతి ఆరు విడతల్లో ఒక విడత విశ్రమించాలన్న నిబంధన కూడా ఉంది. అలసట ఇక్కడ అలంకారం కాదు, అంకగణితం.

దేహకాలం, లోకకాలం రెండింటికీ ఈ నియమావళి వేర్వేరు కొలమానాలు ఇచ్చింది. హస్తకాలం సమస్యే రాలేదు, ఎందుకంటే "మీరు మూడు రోజులు నడిచారు" అని చెప్పడానికి బల్ల దగ్గర ఒక కథకుడు ఉన్నాడు. దాటవేసే అధికారం అతనిది.

3. గళ్ల నుండి నేలకు

తొలి కంప్యూటర్ ఆటలు ఈ కథకుడి స్థానంలో గళ్లను పెట్టాయి. 'రోగ్' (1980)లో ఆడేవారు కదిలితేనే లోకం కదులుతుంది, ఆగితే కాలం ఆగుతుంది, అడుగులు పెరిగేకొద్దీ ఆకలి పెరుగుతుంది. రిచర్డ్ గ్యారియట్ 'అల్టిమా' (1981)లోనూ నడిచేకొద్దీ ఆహారం తరిగిపోతుంది. పటంలో ఒక గడి ఒక కొండ కావచ్చు, ఒక ఊరు కావచ్చు. ఊళ్లోకి ప్రవేశించగానే అదే గడి వీధులుగా విచ్చుకుంటుంది. అంటే కాగితపు నియమావళిలోని కొలమానాల భేదం ఇక్కడ కొంతవరకు నిలిచింది. బొమ్మ కాళ్లు కదలకపోయినా, బయటి గడి వేరు, లోపలి గడి వేరు అన్న స్పృహ ఉంది.

1992లో బ్లూ స్కై ప్రొడక్షన్స్ సంస్థ రూపొందించిన 'అల్టిమా అండర్‌వరల్డ్'తో గళ్లు కరిగిపోయాయి. ఆడేవారు పాత్ర కళ్లతో చూస్తూ ఎడతెగకుండా నడవగలిగారు, దూకగలిగారు, ఈదగలిగారు. ఇది గొప్ప ముందడుగే. కానీ నేల ఎడతెగనిదైన క్షణాన వేగం కూడా ఒక్కటే కావలసి వచ్చింది. గుహలో అడుగు, అడవిలో అడుగు, రాజ్యం దాటే అడుగు అన్నీ ఒకే అడుగు.

4. డాగర్‌ఫాల్, మారోవిండ్, ఆ తరువాత

ఈ చిక్కుకు బెథెస్డా సంస్థ 'ఎల్డర్ స్క్రోల్స్' వరుసలో ఇచ్చిన సమాధానాలు ఒకదానికొకటి విరుద్ధమైనవి. 1996 నాటి 'డాగర్‌ఫాల్'లో భూమి ఎంత విశాలమంటే ఊరి నుండి ఊరికి నడిచి వెళ్లడం ఆచరణలో అసాధ్యం. కనుక ఆట ఒక పట్టికను ముందుంచుతుంది: జాగ్రత్తగా వెళ్తారా, దూకుడుగా వెళ్తారా? సత్రాలలో బస చేస్తారా, ఆరుబయట పడుకుంటారా? కాలినడకనా, గుర్రంపైనా, ఓడలోనా? ఎంపికను బట్టి ఎన్ని రోజులు పడుతుందో, ఎంత సొమ్ము ఖర్చవుతుందో తేలుతుంది. ఒప్పుకున్న పనులకు గడువులు ఉంటాయి కాబట్టి ఆ రోజులకు విలువ ఉంది. దారి కనిపించదు, కానీ దారి ఖరీదు కనిపిస్తుంది. కాగితపు ఆటలోని కథకుడికి దీనికంటే దగ్గరగా వచ్చిన కంప్యూటర్ ఆటలు తక్కువే అనిపిస్తుంది.

'మారోవిండ్' (2002) ఈ పద్ధతిని పూర్తిగా వదిలేసి ఒక ద్వీపాన్ని ఎంచుకుంది. పాత్రకు 'వేగం' అనే గుణం, పరుగుతో పెరిగే ఒక నైపుణ్యం ఉంటాయి. ఆట మొదట్లో పాత్ర నడక విసుగు పుట్టించేటంత నెమ్మది. పరుగెత్తితే సత్తువ తగ్గుతుంది. సత్తువ తగ్గితే కత్తి గురి తప్పుతుంది, మంత్రం విఫలమవుతుంది, మాటతో ఒప్పించడం కూడా కష్టమవుతుంది. కనుక ఎంత తొందరగా వచ్చామన్నది చేరిన చోట ఏమి జరుగుతుందో నిర్ణయిస్తుంది. దూరప్రయాణాలకు 'సిల్ట్ స్ట్రైడర్' అనే భారీ కీటకంలాంటి వాహనజంతువులు, పడవలు, మాంత్రికసంఘం ద్వారాలు ఉన్నాయి. ఇవన్నీ కొన్ని ఊళ్ల మధ్యనే నడుస్తాయి. మిగిలినది నడవాల్సిందే. కొండలు, వంకర దారులు, దూరాన్ని మింగేసే పొగమంచు కలిసి చిన్న ద్వీపాన్ని పెద్దదిగా చేశాయి. ఆ పొగమంచు నాటి కంప్యూటర్ల అశక్తత వల్ల వచ్చింది. అశక్తత కళకు ఉపకరించిన సందర్భాలలో ఇదొకటి.

తెలుగు విభాగాలలో పనిచేసే మనం ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. మారోవిండ్‌లో వెళ్లవలసిన చోటును బాణం గుర్తు చూపదు. ఎవరో ఒక పాత్ర మాటల్లో చెబుతుంది: ఫలానా ఊరి నుండి ఉత్తరంగా వెళ్లు, వంతెన దాటాక ఎడమకు తిరుగు, రెండు రాళ్ల మధ్య దారి కనిపిస్తుంది, ఈ తరహాలో. ఆ మాటలు దినచర్య పుస్తకంలో నమోదవుతాయి. ఆడేవారు వాటిని చదివి, చుట్టూ ఉన్న నేలతో పోల్చుకుని, తప్పిపోయి, వెనక్కి వచ్చి మళ్లీ చదవాలి. ఊళ్లో కొత్తవారికి దారి చెప్పే ప్రతి ముసలాయనా చేసే పని ఇదే. నెమ్మదిగా నడిచేవాడికే ఇలా చెప్పగలం. అతనికే ఆ రెండు రాళ్లు కనిపిస్తాయి.

2006 నాటి 'అబ్లివియన్' ప్రధాన నగరాలన్నిటికీ మొదటినుండే పటంపై నొక్కి చేరుకునే వీలు కల్పించింది. దిక్సూచిపై గమ్యాన్ని సూచించే గుర్తు వచ్చింది. ఈ రెండూ ఒకే ఆటలో రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. దూరం దాటవేయదగినదైతే దారిని వర్ణించవలసిన అవసరం ఉండదు. 'స్కైరిమ్' (2011) వచ్చేసరికి 'వేగం' అనే గుణమే తొలగిపోయింది. సత్తువను ఖర్చుచేసి కొద్దిసేపు దౌడు తీసే వీలు మిగిలింది. మంచుకొండలు ఎంత కన్నులపండువగా ఉన్నా, అక్కడి పాత్రలు దారి చెప్పడం దాదాపుగా మరిచిపోయాయి. వేగంతోపాటు భాష కూడా పోయింది.

లోకకాలం సంగతి ఇంకా విచిత్రం. మారోవిండ్‌లో, అబ్లివియన్‌లో ఆట గడియారం మన గడియారం కంటే 30 రెట్లు, స్కైరిమ్‌లో 20 రెట్లు వేగంగా తిరుగుతుంది. స్కైరిమ్‌లో ఒక పాత్ర సాధారణ మనిషి నడకతో మన లెక్కన 12 నిమిషాలు నడిచిందనుకుందాం. అది సుమారు ఒక కిలోమీటరు. కానీ ఆట గడియారంలో 4 గంటలు గడిచాయి. మనిషి కాళ్లను చూస్తే గంటకు 5 కిలోమీటర్లు, సూర్యుణ్ణి చూస్తే గంటకు పావు కిలోమీటరు. 1981 నియమావళి ఈ రెంటినీ వేర్వేరు పట్టికల్లో పెట్టింది కనుక వైరుధ్యం రాలేదు. ఇక్కడ రెండూ ఒకే తెరపై ఉన్నాయి. ఆడేవారు దీనిని గమనించకపోవడానికి కారణం నేలను కూడా అదే నిష్పత్తిలో కుదించడం. రాజధానిలో ఇళ్లు వేళ్లపై లెక్కించగలిగినన్ని ఉండటం, ఊరు దాటగానే మరో ఊరి పొగ కనిపించడం ఈ కుదింపు ఫలితాలే.

5. కాళ్ల సహజత్వం, చేతుల తొందర

దేహకాలం చరిత్ర దీనికి సమాంతరంగా సాగింది. జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తడాన్ని, దూకడాన్ని వీడియో తీసి, ఆ దృశ్యాలను చిత్రం తరువాత చిత్రంగా గీసి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' (1989) రూపొందించాడు. ఇది పాత్రధారణ ఆట కాదు, కానీ అద్భుతకథా లోకంలో మనిషి బరువుతో కదిలిన తొలి పాత్రలలో ఆ రాకుమారుడు ఒకడు. పరుగు ఆపినా వెంటనే ఆగడు, రెండడుగులు జారుతాడు. ఆ జారుడులోనే ప్రాణం ఉంది. ఆ జారుడు వల్లనే అగాధంలోనూ పడతాడు.

ఈ బేరం ఇప్పటికీ తెగలేదు. సిడి ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015 మేలో విడుదల చేసిన 'ది విచర్ 3: వైల్డ్ హంట్'లో కథానాయకుడు గెరాల్ట్ మలుపు తిరిగేటప్పుడు భుజం వంచి, బరువు మార్చి తిరుగుతాడు. చూడటానికి ఎంతో సహజం. నడపడానికి మాత్రం బండిలా ఉందని ఆడేవారు విమర్శించారు. జూలైలో వచ్చిన 1.07 సవరణలో వేరొక కదలిక పద్ధతిని జోడించి, ఏది కావాలో ఎంచుకొమ్మన్నారు. సహజత్వం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఒక సంస్థ "మీ ఇష్టం" అని చెప్పిన అరుదైన సందర్భమిది. దేహకాలాన్ని నిజం చేస్తే హస్తకాలం దెబ్బతింటుంది. చెయ్యి తొందరపడితే కాలు అబద్ధమాడక తప్పదు.

'డార్క్ సోల్స్' (2011) ఈ బేరాన్ని దాచలేదు. మోయగలిగిన బరువులో నాలుగో వంతు లోపు ధరిస్తే పాత్ర చురుకుగా దొర్లి తప్పించుకుంటుంది, సగం వరకు మధ్యస్థంగా, సగం దాటితే బరువుగా. నాణేల లెక్కకు ఇది మూడు దశాబ్దాల తరువాతి వారసుడు. పైగా కథ సగం గడిచే దాకా ఒకచోటి నుండి మరోచోటికి మాయమై వెళ్లే వీలు ఇవ్వలేదు. అందువల్ల ఆడినవారికి అక్కడి దారులు పటం లేకుండానే గుర్తుంటాయి.

6. తిరిగి నడక వైపు

2024లో వచ్చిన 'డ్రాగన్స్ డాగ్మా 2' తక్షణప్రయాణాన్ని అరుదైన రాళ్లకు, ఎద్దుబండ్లకు పరిమితం చేసింది. బండిలో కునుకు తీస్తే దారి దాటిపోతుంది, కానీ మధ్యలో రాక్షసులు దాడిచేయవచ్చు. ప్రయాణం విసుగనిపిస్తే తప్పు ప్రయాణానిది కాదు, ఆటదని దర్శకుడు హిదెయాకి ఇత్సునో బాహాటంగానే వాదించాడు. ఇది మారోవిండ్ వైపు తిరుగుముఖం పట్టడమే, కాకపోతే బాణం గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు. నడక తిరిగి వచ్చింది, దారి చెప్పే ముసలాయన రాలేదు.

కాగితపు ఆట ఈలోగా వేరే దారిలో ఉంది. 2014 నాటి అయిదవ కూర్పు ప్రయాణానికి మూడు వేగాలు నిర్ణయించింది: గంటకు 4, 3, 2 మైళ్లు. వేగంగా వెళ్లేవారి గమనింపు మందగిస్తుంది. నెమ్మదిగా వెళ్లేవారు మాత్రమే దాగి వెళ్లగలరు. మధ్యస్థవేగంతో రోజుకు 24 మైళ్లు, 1981లో ఉన్న అంకే. అదే కూర్పులో మరుగుజ్జులకు, హాఫ్లింగులకు ఒక విడతకు 25 అడుగులు, మనిషికి 30. 2024 సవరణలో ఆ పొట్టి కాళ్లకు కూడా 30 అడుగులే ఇచ్చారు.