సామర్లకోటలో ఒక తోట ఉండేది

మా అన్నయ్య కూతురు ఈసారి వేసవి సెలవులకు నూజివీడు దగ్గర మా ఊరొచ్చిన మూడో రోజున అడిగింది. "అత్తా, ఇక్కడ బొటానికల్ గార్డెన్ ఉందా? చెట్టు చెట్టుకీ పేరు రాసి రేకు కట్టి ఉంటుందే, అలాంటిది." హైదరాబాదులో ఉన్నప్పుడు కొండాపూర్ తోటకు వెళ్ళిందట. అరుగు మీద మామిడికాయలు ఏరుతున్న బాబాయి తలెత్తాడు. "చుట్టూ ఇంత తోట పెట్టుకుని తోటెక్కడుందంటావేమే అమ్మడూ!"

పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆగిరిపల్లి నుంచి ముసునూరు దాకా, ఇటు విస్సన్నపేట, తిరువూరు దాకా ఎటు చూసినా మామిడే. కాని మనం తోట వేసేది కాపు కోసం. పిల్ల అడిగిన బొటానికల్ గార్డెన్, అంటే ఉద్భిద వనం, వేసేది తెలుసుకోవడానికి. ఈ చెట్టు పేరేమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు నాటాం, ఏ ఏడు పూసింది అని లెక్క రాసిపెట్టే తోట అది. 1540లలో ఇటలీలోని పీసా, పాదువా నగరాల్లో వైద్యవిద్యార్థులకు మందుమొక్కలు చూపించడానికి ఇలాంటి తోటలు మొదలయ్యాయి. తెలుగు నేల మీద అటువంటిది ఒకటి రెండు వందల ఏళ్ళ కిందటే ఉండేదని దానికి చెప్పాను. "ఎక్కడ?" "సామర్లకోటలో." "అయితే పోదాం."

ఆదివారం చీకటితో లేచి బయలుదేరాం. కారు డిక్కీలో గడ్డి పరిచిన బుట్ట, అందులో కావు వేసి తీసిన చిన్నరసాలు. హనుమాన్ జంక్షన్ దగ్గర పెద్ద రోడ్డెక్కితే ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు. దారిలోనే వెంకట్రామన్నగూడెం. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే, మా నూజివీడు మామిడి పరిశోధన కేంద్రం దాని కిందిదే. రావులపాలెం దాటి గోదావరి మీదుగా కడియం నర్సరీల్లోకి వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. రోడ్డుకు రెండువైపులా మైళ్ళ కొద్దీ కుండీలు, సంచులు, అంటుమొక్కలు. బాబాయి అక్కడ దిగాడంటే ఒక పట్టాన ఎక్కడు. అంటుకట్టు ముడి ఎంత ఎత్తున ఉందో, అతుకు సరిగా కూడిందో లేదో వేలితో తడిమి చూస్తూ గంటసేపు తిరిగాడు.

రాజానగరం దగ్గర తిరిగి, పెద్దాపురం మీదుగా సామర్లకోట చేరాం. ముందు కుమారారామ భీమేశ్వరుణ్ణి చూశాం. వెయ్యేళ్ళ నాటి చాళుక్యుల గుడి. లింగం ఎంత పొడుగంటే పైఅంతస్తు నుంచి పూజ చేస్తారు. గుడి నిలిచింది. తోట మాత్రం లేదు. కనీసం ఒక రాయి, ఒక పలక కూడా మాకు కనిపించలేదు. గుడి నీడలో కూర్చుని, రసాలు పిండుకుంటూ, లేని తోట గురించి చెప్పాల్సి వచ్చింది.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండువాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర వైద్యమూ వృక్షశాస్త్రమూ చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చాడు. 1781లో సామర్లకోట దండుకు డాక్టరుగా వేశారు. సైనికుల జ్వరాలు చూసుకుంటూనే ఆయన ఇక్కడ ఒక తోట వేశాడు. రాజమండ్రి కొండల్లో దొరికిన మిరియపు తీగలు తెచ్చి పాకించాడు. కాఫీ, దాల్చిన, నీలిమందు లాంటివీ పెంచి చూశాడు. కలకత్తాలో రాబర్ట్ కిడ్ ప్రసిద్ధమైన తోటకు పునాది వేసింది 1787లో. అప్పటికే సామర్లకోటలో రాక్స్‌బర్గ్ పని సాగుతోంది.

ఆయన గొప్పంతా తోటలోనే ఉందని నేననుకోను. ఆయన అడిగాడు. మొక్క దొరికితే, ఈ ఊరివాళ్ళు దీన్ని ఏమంటారు, దేనికి వాడతారు అని అడిగి రాసుకున్నాడు. ఒక స్థానిక చిత్రకారుణ్ణి పెట్టుకుని ఆకూ పువ్వూ కాయా విడివిడిగా, రంగులతో బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలు, వర్ణనలు లండన్ వెళ్ళాయి. అక్కడి వృక్షశాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్ వాటిలోంచి ఏరి, కంపెనీ ఖర్చుతో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమండల్' పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, మొత్తం 300 బొమ్మలతో వేయించాడు. అందులో లాటిన్ పేరు పక్కనే తెలింగల పేరు అంటూ మన మాట కనిపిస్తుంది. మచిలీపట్నం కలంకారీ ఎరుపుకు ప్రాణమైన చిరివేరు మొదటి సంపుటంలోనే ఉంది. బొమ్మలు గీసిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆ పుస్తకం చెప్పదు. చెట్టు పేరు ఇంత శ్రద్ధగా అడిగిన మనిషి చిత్రకారుడి పేరు కూడా రాసి ఉంటే ఎంత బాగుండేదని ఆ పుటలు తలచుకున్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు తెలుసు కదా. దాని ఆకుల నుంచి కూడా నీలిమందు తీయవచ్చని కనిపెట్టి, తీసి చూపించింది రాక్స్‌బర్గే. సోమిడ చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని, సింకోనాకు బదులు వాడవచ్చని 1793లో ఆయన రాసిన చిన్న పుస్తకం అచ్చయింది. తరవాత ఆ చెట్టు ప్రజాతికే సోయ్‌మిడా అన్న శాస్త్రీయనామం స్థిరపడింది. అంటే ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త ఆ చెట్టును పిలిచినా తెలుగులోనే పిలుస్తున్నాడు! ఈ మాట చెప్పగానే పిల్ల రసం పీల్చడం ఆపి, "మళ్ళీ చెప్పు" అంది.

ఆ కాలంలో ఈ తీరానికి చెట్ల కోసం వచ్చినవాడు ఆయనొక్కడే కాదు. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో పక్కనుండి వైద్యం చేసింది రాక్స్‌బర్గే. రెండేళ్ళకు, 1787 మేలో, కోరంగి మీద ఉప్పెన పడింది. రాక్స్‌బర్గ్ అంతకుముందు పోగుచేసుకున్న పుస్తకాలు, నమూనాలు ఆ ముంపులోనే పోయాయంటారు. ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ వెంటనే ఉత్తర సర్కార్లలో భయంకరమైన కరువు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతుంటే చూసి, రోడ్ల వెంబడి, కాలవ గట్ల మీద కొబ్బరి, పనస, తాడి, అరటి నాటించండి, వాన తప్పిన ఏడు జనం బతుకుతారు అని కంపెనీకి రాశాడు. కంపెనీ ఆయన తోటకు డబ్బిచ్చింది మిరియాల లాభం కోసం. ఆ సంగతి మరవకూడదు. కాని కరువు నాడు రాసిన ఆ ఉత్తరాల్లో ఉన్నది లాభం లెక్క కాదు.

1793లో ఆయన్ను కలకత్తా తోటకు అధిపతిగా పిలిచారు. అక్కడ 1813 దాకా ఉన్నాడు. 1814లో విలియం కేరీ అచ్చువేసిన ఆ తోట జాబితాలో దాదాపు 3,500 మొక్కలున్నాయి, కిడ్ నాటినవి వాటిలో మూడు వందలే. కలకత్తా తోట నేటికీ ఉంది. సామర్లకోట తోటను కనిపెట్టుకుని ఉండేవాళ్ళు రానురాను లేకపోయారు.

తిరుగుదారిలో బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తాడేపల్లిగూడెం దాటాక అన్నాడు: "మన తోటలో ఉన్న పేర్లు ఎవడైనా రాశాడా?"

రాసినవాళ్ళున్నారు. కడప సీమలోని కోడూరు ఫలపరిశోధన కేంద్రంలో పనిచేసిన కె.సి. నాయక్, ఎస్.ఆర్. గంగోలీతో కలిసి 1950లో దక్షిణాది మామిడి రకాల వర్గీకరణ మీద పెద్ద గ్రంథం తెచ్చారు. ఒకే కాయకు ఊరికో పేరు, ఒకే పేరుతో నాలుగు రకాల కాయలు ఉన్న గందరగోళంలో ఆకు, పూత, టెంక, ముక్కు పోల్చి చూసి దేనికది విడదీయడం ఎంత ఓపిక పనో మామిడి తోట ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. నూజివీడు కేంద్రం లాంటి చోట్ల పాత రకాల చెట్లను వరసలుగా నాటి కాపాడుతున్నారు. మా పిల్ల వెతికిన రేకు కట్టిన తోటకు మా దగ్గర ఉన్న దగ్గరి పోలిక అదే.

రైతు తోటల్లో సంగతి వేరు. మా వైపు మామిడి రకాల్లో టెంక పాతితే తల్లి కాయ రాదు, ప్రతి మొలకా కొత్త చెట్టే. కాబట్టి ఒక రకం బతకాలంటే ఎవరో ఒకరు తల్లికొమ్మ తెచ్చి అంటుకట్టాలి. మా తాతయ్య నాటికి, కుండీలో మొలకను మంచె మీదకు ఎక్కించి, చెట్టు కొమ్మకు ఆనించి కట్టి, అతుక్కునేదాకా నీళ్ళు మోసేవారు. అలా తెచ్చినవే మా పాత తోటలో పెద్దరసం, చెరుకురసం, పంచదార కలశ, ఊరగాయకు జలాలు, కొత్తపల్లి కొబ్బరి. ఇప్పుడు కొత్త నాట్లన్నీ బంగినపల్లి, కలెక్టరు. బంగినపల్లి నాలుగు రోజులు నిలవుంటుంది, కోతకు బాగుంటుంది, దూరం వెళ్తుంది. కలెక్టరు రసం ఫ్యాక్టరీలకు పోతుంది. రసాలు ఒత్తిడికి ఆగవు. చెట్టుకో రకం కాసే తోటను ధర కట్టి కొనే వ్యాపారి దొరకడు. రైతును తప్పుపట్టలేను, మా తోటలోనూ అదే జరిగింది. కాని ఒక రకం చివరి చెట్టు కొట్టేశాక దాన్ని ఏ టెంకా తిరిగి తేలేదు.

ఇల్లు చేరేసరికి ఇంకా కాస్త వెలుగుంది. పిల్ల పాత నూనె డబ్బా రేకు కత్తిరించి, మేకుతో అక్షరాలు గీస్తూ కూర్చుంది. బాబాయి ముందు నడిచి చెట్టు చూపిస్తుంటే అది రేకు వదులుగా కొమ్మకు కట్టింది. చెరుకురసం. జలాలు. పెద్దరసం. బావి గట్టున ఉన్న ముసలి చెట్టు దగ్గర బాబాయి ఆగాడు. పీచు కాయ, పులుపు ఎక్కువ, కాని ఆ తొక్కు వాసన మరే చెట్టుకీ లేదు.

"దీని పేరేంటి తాతయ్యా?"

"దీనికి పేరు లేదే. టెంక మొలిచిన చెట్టు."

లక్నో దగ్గర దశేరి ఊళ్ళో ఒక చెట్టుకు మొదట ఆ ఊరి పేరే పెట్టారనీ, దేశమంతా తినే దశేరి పండ్లు దాని కొమ్మలతో కట్టిన అంట్లవేననీ నేను చెప్పాను. పిల్ల కాసేపు చెట్టు వంక చూసి, రేకు మీద 'బావిగట్టు' అని గీసింది. బాబాయి ఆ రేకు తీసుకుని, కింద ఏడాది కూడా వెయ్యమని తిరిగి ఇచ్చాడు.