గిటారును విరిచినదెవరు?

ప్రోగ్రెసివ్ అన్న ఇంగ్లీషు మాటను మనం అభ్యుదయం అని తెలుగు చేసుకున్నాం. 1936లో లక్నోలో అఖిల భారత రచయితలు కూడినప్పుడు గాని, 1943లో తెనాలిలో తెలుగు రచయితలు కూడినప్పుడు గాని ఆ మాట వెనుక ఒక సాంఘిక గమ్యం ఉన్నది. అదే మాట 1960ల చివర ఇంగ్లండులో ఒక సంగీత ధోరణికి పేరయింది. అక్కడ దాని అర్థం వేరు. మూడు నిమిషాల పాటలో తమకు చెప్పవలసినది ఇమడదనుకున్న యువకులు రాక్ సంగీతాన్ని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమంత విస్తృతంగా పెంచదలచుకున్నారు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్ బృందాలు ఆ పని చేశాయి. ఈ ప్రోగ్రెసివ్ రాక్ సాధించదలచిన అభ్యుదయం రూపానికి సంబంధించినది. వస్తువును గురించి అది ఎవరికీ ఏ హామీ ఇవ్వలేదు.

ఈ సంగతి నాకు ఒక విద్యార్థి వల్ల తెలిసింది. తరగతిలో అభ్యుదయ కవిత్వం పాఠం ముగించి బయటికి వస్తున్నాను. అతడు వెంట వచ్చి, "సార్, వీళ్ళు కూడా మనవాళ్ళేనా?" అని ఫోనులో ఒక రికార్డు అట్ట చూపించాడు. అట్ట మీద ఎర్ర నక్షత్రం. పేరు అంకెల్లో '2112'. కెనడా దేశపు 'రష్' బృందం 1976లో విడుదల చేసిన ఆల్బం అది. ఆ రాత్రే విన్నాను, కథ చదివాను. వాళ్ళు మనవాళ్ళు కారు. ఆ ఎర్ర నక్షత్రం కథలో పీడకుల జెండా గుర్తు. అట్ట మీద అయిన్ రాండ్ ప్రతిభకు కృతజ్ఞత కూడా చెప్పి ఉన్నది. సోవియట్ విప్లవాన్ని ద్వేషించి 1926లో అమెరికా చేరి, స్వార్థమే సద్గుణమని జీవితాంతం బోధించిన రచయిత్రి ఆమె. "మనవాళ్ళు కారు" అని మరునాడు అతడికి చెప్పివేశాను. చెప్పిన తరువాత ఆ జవాబు నాకే చాలలేదు. ఎందుకు చాలలేదో చెప్పటానికే ఈ వ్యాసం.

ముందుగా చరిత్ర చూద్దాం. రష్ బృందం 1968లో టొరంటో శివార్లలో పుట్టింది. గిటారు వాయించే అలెక్స్ లైఫ్‌సన్ యుగోస్లావియా నుంచి వలస వచ్చిన సెర్బు దంపతుల కొడుకు. బేస్ గిటారు వాయిస్తూ పాడే గెడ్డీ లీ తల్లిదండ్రులు పోలండు యూదులు, నాజీల మరణ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడినవారు. కెనడాలో ఏ కంపెనీ వీళ్ళను చేరనివ్వకపోతే మొదటి రికార్డును సొంత ఖర్చుతో వేసుకున్నారు. 1974లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ రేడియో కేంద్రంలో డోనా హాల్పర్ అనే ఆమె ఆ రికార్డులోని ఒక పాటను ప్రసారం చేసింది. దాని పేరు 'వర్కింగ్ మ్యాన్'. పనికి పోవటం, తిరిగి రావటం తప్ప బ్రతకటానికి తీరిక లేని మనిషి గోడు అది. క్లీవ్‌లాండ్ ఉక్కు కర్మాగారాల ఊరు. ఆ పాట ఎవరిదని, ఎక్కడ దొరుకుతుందని శ్రోతలు రేడియో కేంద్రానికి ఫోన్లు చేశారు. ఆ ఆదరణ చూసే మెర్క్యురీ కంపెనీ బృందంతో ఒప్పందం చేసుకున్నది. అంటే తరువాత వ్యక్తివాదాన్ని గానం చేసిన ఈ బృందానికి మొదట అన్నం పెట్టినది ఒక పారిశ్రామిక నగరపు శ్రమజీవులే.

అదే సంవత్సరం నీల్ పియర్ట్ డ్రమ్స్ వాయించటానికి వచ్చి చేరాడు. వ్యవసాయ యంత్రాలు అమ్ముకునే వ్యాపారి కొడుకు, పుస్తకాలంటే పడిచచ్చేవాడు. బృందానికి సాహిత్యం రాసే బాధ్యత క్రమంగా అతడి మీద పడింది. 1975లో వచ్చిన మూడవ ఆల్బంలో ఒక పక్కంతా ఒకే సుదీర్ఘ గీతం నింపారు. అది అమ్ముడుపోలేదు. ఆ తరువాతి కచేరీ యాత్రలో జనం పలచబడ్డారు. మునిగిపోతున్నవాళ్ళ యాత్ర అని వాళ్ళే దానికి ఎగతాళి పేరు పెట్టుకున్నారు. పొడుగు పాటలు మాని, రేడియోకు పనికివచ్చే చిన్న పాటలు చేయమని కంపెనీ ఒత్తిడి తెచ్చింది. మేనేజరు నచ్చజెప్పగా మరొక్క అవకాశం దొరికింది.

ఇక్కడ ముగ్గురూ కూర్చుని ఒక నిర్ణయం చేశారు. ఎలాగూ పోయేటప్పుడు తమకు ఇష్టమైన సంగీతం చేసే పోదామన్నదే ఆ నిర్ణయం. కంపెనీ వద్దన్న పనినే మళ్ళీ చేశారు. ఆల్బం మొదటి పక్కంతా ఏడు భాగాల ఒకే రచన, 20 నిమిషాలకు పైగా సాగుతుంది. టెరీ బ్రౌన్‌తో కలిసి టొరంటోలో రికార్డు చేశారు. కంపెనీ అంచనా తప్పింది. ఆల్బం నిలిచింది, బృందమూ నిలిచింది. ఇక మీద తమ సంగీతంలో కంపెనీ వేలు పెట్టకుండా ఉండే స్వాతంత్ర్యాన్ని ఆ విజయమే వారికి సంపాదించి పెట్టింది.

ఇక కథ. 2062లో నక్షత్రమండలమంతటా జరిగిన యుద్ధం తరువాత గ్రహాలన్నీ ఎర్ర నక్షత్రపు సమాఖ్య కిందికి వస్తాయి. 2112 నాటికి అధికారమంతా సిరింక్స్ ఆలయాల పూజారులది. జనం ఏమి చదవాలో, ఏమి పాడాలో, ఏ బొమ్మలు చూడాలో ఆలయాల్లోని మహాయంత్రాల సాయంతో వారే నిర్ణయిస్తారు. ఒక యువకుడికి జలపాతం వెనుక గుహలో పాతకాలపు గిటారు దొరుకుతుంది. దానిని శ్రుతి చేసి వాయించటం తనంతట తానే నేర్చుకొని, ఈ అద్భుతాన్ని అందరికీ పంచుదామని పూజారుల దగ్గరికి పరుగెత్తుతాడు. ఇది పనికిమాలిన ఆటవస్తువు, పూర్వపు జాతిని చెడగొట్టినవాటిలో ఇదొకటి అని వారు కసురుతారు. పెద్ద పూజారి గిటారును కాళ్ళ కింద వేసి నుగ్గు చేస్తాడు. కలలో యువకుడికి కళలతో కళకళలాడే మరో లోకం కనిపిస్తుంది. మేలుకొన్న తరువాత ఈ లోకంలో బ్రతకలేక ప్రాణం తీసుకుంటాడు. చివర మళ్ళీ యుద్ధం, లోకం ఎవరి వశమో అయిందని ఒక గొంతు ప్రకటన. వచ్చినవారు విమోచకులో కొత్త పూజారులో స్పష్టంగా తెలియదు.

సంగీతం ఈ కథను మోసే తీరు గమనించదగినది. హార్డ్ రాక్‌కు ప్రాణం రిఫ్. అంటే బిగువైన చిన్న గిటారు వరుస పల్లవిలాగా పదే పదే తిరిగి రావటం. ప్రోగ్రెసివ్ రాక్‌కు ప్రాణం సుదీర్ఘ నిర్మాణం. '2112'లో రెండూ కలిశాయి. మొదటి భాగం నాందీప్రస్తావన వంటిది. తరువాతి భాగాల్లో రాబోయే వరుసలు ముందుగా ఇందులో ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి. దాని చివర చైకోవ్‌స్కీ '1812' నుంచి ఒక వరుస, ఫిరంగి మోత వస్తాయి. రెండవ భాగంలో పూజారుల గానం. గెడ్డీ లీ గొంతు తారస్థాయిలో కీచుమంటుంది, గిటారు సమ్మెటలా పడుతుంది. మూడవ భాగంలో నీటి సవ్వడి, తంతులను ఒక్కొక్కటిగా శ్రుతి చేసుకునే సడి. మొదట తడబాటుగా ఒక్కొక్క స్వరం, తరువాత జత స్వరాలు, ఆ తరువాత నిండైన పాట. చేతులు విద్య నేర్చుకునే శ్రమను ఇంత ఓపికగా వినిపించిన రాక్ రచన నేను మరొకటి వినలేదు. నాలుగవ భాగం యువకుడికీ పూజారులకూ సంవాదం. అతడి మాటలకు మెత్తని గిటారు, వారి జవాబుకు కరకు గిటారు. రెండు పాత్రలనూ పాడినది ఒక్క గెడ్డీ లీయే.

రెండవ పక్కలో అయిదు పాటలున్నాయి. అవి విడివిడి పాటలు, కథతో సంబంధం లేనివి. వాటిలో చివరిది, కష్టపడకుండా ఏదీ ఊరకే రాదని చెప్పేది, పియర్ట్ నాటి తాత్త్వికతకు సూటియైన ప్రకటన. కాని ఆల్బం కీర్తి అంతా మొదటి పక్క మీదనే నిలిచింది.

ఇక విమర్శకుల సంగతి. 1978లో లండన్ పత్రిక 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' బృందంతో జరిపిన ముఖాముఖిని ప్రచురిస్తూ వారి భావాల్లో ఫాసిజపు ఛాయ ఉన్నదన్న ధోరణిలో రాసింది. రాండ్ సిద్ధాంతం ఎవరి పక్షాన పనిచేస్తుందో అడగటం న్యాయమే. ఆ ప్రశ్నను నేనూ అడుగుతాను. కాని నాజీ శిబిరాల నుంచి బ్రతికి వచ్చిన తల్లిదండ్రుల కొడుకు మీద ఆ మాట విసరటం విమర్శ అనిపించుకోదు. అక్కడ ముద్ర వేయటమే జరిగింది, చదవటం జరగలేదు. "మనవాళ్ళు కారు" అని నేను నా విద్యార్థికి ఇచ్చిన జవాబు కూడా ఆ కోవలోనిదే.

మన వైపు మరొక లెక్క కూడా ఉన్నది. సిరింక్స్ పూజారులు కేవలం కల్పన అని మనం అనగలమా? 1948లో సోవియట్ పార్టీ కేంద్రసంఘం షోస్టకోవిచ్‌ను, ప్రొకోఫియెవ్‌ను, ఖచతూరియన్‌ను రూపవాదులని, ప్రజావ్యతిరేకులని నిందిస్తూ తీర్మానం చేసింది. ఆ నిందలు అన్యాయమైనవని అదే పార్టీ 1958లో ఒప్పుకోవలసి వచ్చింది. రష్ బృందం వాడుకొన్న ఆ '1812' రచనకే సోవియట్ కాలంలో ఏమి జరిగిందో చూడండి. అందులో జారు చక్రవర్తి గీతం ఉన్నదని దాన్ని తీసివేసి, ఆ చోట గ్లింకా బాణీ అతికించి వాయించేవారు. ఇవి మన శత్రువులు కట్టిన కథలు కావు. ప్రజల పేరు మీద కళాకారుడి చేతిలోని వాద్యాన్ని లాగుకున్న చరిత్ర మనది కూడా. దానిని ఒప్పుకోకుండా ఈ ఆల్బంతో వాదానికి దిగే అర్హత మనకు లేదు.

ఒప్పుకున్న తరువాత మాత్రం గట్టిగానే వాదించవచ్చు. 1976లో టొరంటోలో ఆ ముగ్గురి గిటారు మీద కాలు మోపబోయినది ఏ సమాఖ్య? పొడుగు పాట పనికిరాదన్నది ఎర్ర నక్షత్రం కాదు, అమ్మకాల లెక్క. పనికిమాలిన ఆటవస్తువు అని కథలో పూజారి అనే మాట నిజజీవితంలో వారికి కంపెనీ నుంచి వినిపించింది. పియర్ట్ తాను పడిన కష్టాన్ని నిజాయితీగానే పాట కట్టాడు. కాని కష్టపెట్టినవాడి ముఖానికి రాండ్ పుస్తకాల్లో దొరికిన తొడుగు తగిలించాడు.

బాల్జాక్ విషయంలో ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరం మనకు తెలిసినదే. రాచరికాన్ని అభిమానించిన బాల్జాక్ తన అభిమానానికి విరుద్ధంగా ప్రభువర్గపు పతనాన్నే చిత్రించాడని, అది వాస్తవికత సాధించిన విజయమని ఎంగెల్స్ అభిప్రాయం. పియర్ట్‌ను బాల్జాక్‌తో తూచటం నా ఉద్దేశం కాదు. చదవవలసిన పద్ధతి మాత్రం అదే. రాండ్ 1938లో ప్రచురించిన 'ఆంథెమ్' నవలికకూ ఈ కథకూ పోలిక స్పష్టం. అక్కడ నాయకుడు విద్యుద్దీపం కనిపెడతాడు, పండితసభ కాదంటుంది. అతడు అడవికి పారిపోయి, ప్రియురాలితో కొండ మీద ఇల్లు చేరి, 'నేను' అన్న మాటను దేవుడిని చేసుకుంటాడు. పియర్ట్ నాయకుడు అలా చేయలేదు. వాద్యం పోయి, వినేవారు లేక, ఒంటరితనంలో బ్రతకలేకపోయాడు. రాండ్‌కు విముక్తి అనిపించిన ఒంటరితనం పియర్ట్ కథలో మృత్యువయింది. సంగీతానికి ఎదుట మనుషులు కావాలి. ఈ సత్యం ఆ ముగ్గురికి ఊరూరా తిరిగి, పలచని జనం ఎదుట వాయించిన అనుభవం నేర్పింది. సిద్ధాంతం ఒక దారిన పోతే అనుభవం కథను మరో దారిన నడిపింది.

ఒకే గొంతు పీడితుడినీ పీడకుడినీ పాడటం కూడా నాకు అర్థవంతంగానే తోస్తున్నది. కచేరీల్లో జనం కేకలు వేసి ఆదరించినది పూజారుల పాటనే. మన నాటకాల్లో ప్రతినాయకుడి పద్యాలకు వన్స్‌మోర్లు పడటం మనకు కొత్త కాదు. పాడేవాడు ఉద్దేశించినా లేకపోయినా, అధికారపు గొంతు ఎవరి గొంతులోనుంచయినా రాగలదని ఆ పాట చెబుతున్నది.

పియర్ట్ ఆ తరువాత మారాడు. తాను రాండ్ అనుయాయిని కానని, స్వేచ్ఛావాదినే గాని గుండె కరిగే స్వేచ్ఛావాదినని 2012లో ఒక ముఖాముఖిలో చెప్పుకున్నాడు. 2020 జనవరిలో మరణించాడు. అతడి మార్పును మన విజయంగా లెక్క వేసుకోనక్కరలేదు.

మొన్న ఆ విద్యార్థిని పిలిచి నా జవాబును ఉపసంహరించుకున్నాను. వాళ్ళు మనవాళ్ళా కాదా అన్న ప్రశ్నకు తరువాత రమ్మన్నాను. ముందు ఆ మూడవ భాగం మళ్ళీ విను, తంతులు శ్రుతి చేసుకుంటున్న ఆ చేతులు చూడు, తరువాత ఆ గిటారును ఎవరు విరిచారో నువ్వే తేల్చి నాకు రాసి చూపించు అన్నాను. రెండు పేజీలు రాసి తెచ్చాడు. అందులో సగం నాతో విభేదించాడు. ఆ పేజీలు ఎర్రసిరాతో దిద్దటానికి నాకు చెయ్యి రాలేదు.